నడిమి అద్దం

మౌంటు రోడ్డులోని ఆ కార్ల దుకాణపు గడప ముందు కేశవయ్య చెప్పులు విడిచాడు. లోపల నేలంతా చలువరాయి. దాని మీద రెండు కార్లు, ఒకటి ముదురాకుపచ్చ, ఒకటి నలుపు, అలంకారం ముగిసి తెర తొలగించిన ఉత్సవమూర్తుల వలె నిలిచి ఉన్నాయి. చెప్పులతోనే రావచ్చునని చెప్పబోయిన మేనేజరు, వచ్చినవాని ముఖంలోని భక్తిని చూసి ఊరకున్నాడు. వెనుకనే వచ్చిన డ్రైవరు గాబ్రియేలు కూడా తన చెప్పులు విడిచి, వాటిని యజమాని చెప్పులకు ఎడంగా, గోడవారకు జరిపి పెట్టాడు.

"కారు ఒక్కటే సార్," అన్నాడు మేనేజరు. అరవ యాసతోనైనా తెలుగు ధారాళంగానే మాట్లాడుతున్నాడు. "ఇంజను ఒక్కటే. పందెపు కారుకు పెట్టే ఇంజను ఇది. మీరు కాలు పెడితే చాలు, మీ కడప రోడ్డు అయిపోతుంది. లోపలి అమరిక మాత్రం రెండు తీర్లు. ఈ పచ్చది తనే నడుపుకొనే దొరలకు. ముందు రెండు విడి సీట్లు, ముందుకూ వెనక్కూ జరుగుతాయి. సీట్లన్నీ తోలు. పైకప్పు తెరుచుకుంటుంది. ఆ నల్లది డ్రైవరును పెట్టుకొనే పెద్దలకు. వచ్చి చూడండి."

నల్ల కారు వెనుక తలుపు తెరుచుకొన్నప్పుడు చప్పుడే కాలేదు. కేశవయ్య వంగి లోపలికి చూశాడు. వెనుక సీటుకు బూడిదరంగు ఉన్నిగుడ్డ. కాళ్లకింద మెత్తని పీటలు. తలపక్కన చదువుకొనేందుకు చిన్న దీపం. ముందు సీటుకూ వెనుక సీటుకూ నడుమ, అంచుకు అక్రోటు చెక్క కట్టిన నిండు అద్దం. ఆ చెక్కలోనే ఇమిడిపోయిన రెండు మడతబల్లలు. మేనేజరు వేలి కొసతో ఒకదానిని తాకగానే అది మెల్లగా కిందికి వాలి నిలిచింది.

"ఆ అద్దం వేస్తే ముందు మాట వెనక్కు రాదు, వెనక మాట ముందుకు పోదు. ఇవన్నీ ఒక కట్టగా వస్తాయి సార్. ఇందులోది కొంచెం, అందులోది కొంచెం అంటే కంపెనీవాడు ఒప్పుకోడు. రేడియో, రంగు, పొగమంచు దీపాలు మాత్రం మీ ఇష్టం."

"మా కడపలో పొగమంచు యాడిదప్పా?" అన్నాడు కేశవయ్య. "దుమ్ము దీపాలేమన్నా ఉంటే చెప్పు."

మేనేజరు నవ్వాడు. గాబ్రియేలు కూడా నవ్వు దాచుకోవడానికి తల వంచుకొన్నాడు.

కేశవయ్య కారులోనికి ఎక్కి కూర్చొన్నాడు. ఆ బల్ల మీద అరచెయ్యి ఉంచాడు. నూనె మిల్లుకు పోయేటప్పుడు, పసుపు కొనడానికి పల్లెలకు పోయేటప్పుడు, తన నిత్యపారాయణ ఎన్నడూ ఒక్క పట్టున సాగలేదు. గాబ్రియేలు ఏదో ఒకటి చెప్పుతూనే ఉండేవాడు. ఎవరి బావి ఎండింది, ఎవరి ఎద్దు కాలు విరిగింది, ఎవరి కూతురు పురిటికి వచ్చింది. ఈ అద్దం వెనుక, ఈ బల్ల మీద గ్రంథం తెరిచిపెట్టుకొని, బయట ఎండ ఎంత మండుతున్నా తన శ్వాస తనకు వినబడే నిశ్శబ్దంలో నామాలు చదువుకొంటూ పోవచ్చు. ప్రొద్దుటూరులో పత్తి వ్యాపారి రామకోటయ్య ఇట్టి అద్దం గల కారులోనే తిరుగుతాడన్నది కూడా ఆ క్షణాన జ్ఞాపకం వచ్చింది. ఆ రెండో జ్ఞాపకాన్ని అతడు మొదటి దాని వెనుకకు తోశాడు.

"డ్రైవరును కూడా ఒకసారి కూర్చోబెట్టి చూడండి సార్," అన్నాడు మేనేజరు.

గాబ్రియేలు భుజం మీది తువాలుతో చేతులు తుడుచుకొని ఎక్కాడు. పొడగరి. ఎడమ మోకాలు పూర్తిగా మడవదు. పాత కారులో సీటును చివరిదాకా వెనక్కు జరుపుకొని, ఆ కాలును చాచి నడిపేవాడు. ఇప్పుడు అలవాటుగా అతని చెయ్యి సీటు కిందికి పోయి పిడి కోసం వెదికింది.

"అది ఇందులో ఉండదు," అన్నాడు మేనేజరు. "సీటు వీపుకు ఆనుకొనే అద్దపు చట్రం ఉంది కదా. ఈ అమరికలో ముందు సీటు జరగదు."

గాబ్రియేలు సరే అన్నట్లు తల ఊపి, కాలు క్లచ్చి మీద పెట్టబోయాడు. మోకాలు స్టీరింగు చక్రానికి తగిలి ఆగింది. నడుము ఒక పక్కకు తిప్పి మళ్లీ ప్రయత్నించాడు. కాలు చేరింది గాని అదమడానికి చోటు చాలలేదు. మరి ప్రయత్నించలేదు. దిగి, తాను పట్టుకొన్న చోట స్టీరింగును, కూర్చొన్న చోట సీటును తువాలుతో తుడిచి, తలుపు మెల్లగా మూశాడు.

"బండి శానా బాగుండాది సామీ," అన్నాడు.

కేశవయ్య అంతా చూశాడు. అద్దంలో నుండి చూశాడు గనుక మోకాలు చక్రానికి తగిలిన శబ్దం వినబడలేదు. కాని తగలడం కనబడింది.

"ఏ అమరిక రాయమంటారు సార్?"

కేశవయ్య పచ్చ కారు వైపు ఒకసారి చూశాడు. తన చేయి ఇంకా మడతబల్ల మీదనే ఉంది. అప్పుడు నోట వచ్చిన మాట అతడు ముందుగా అనుకొన్నది కాదు. ఎవరో నాలుక మీద సిద్ధం చేసి ఉంచినట్లు వచ్చింది.

"మా అమ్మకు మడి. అహోబిలం పోతావుంటాము. ఆయమ్మకు నడాన అద్దం ఉండాల్సిందే."

గాబ్రియేలు తలుపు పక్కనే నిలిచి ఉన్నాడు. చేతిలోని టోపీని తలకు పెట్టుకొన్నాడు. అది దుకాణం లోపలని గుర్తు వచ్చి తీసేశాడు.

"భేష్!" అన్నాడు మేనేజరు. "వెనక తోలు కూడా లేదు చూడండి. ఉన్ని మడికి మేలే కదా. మా ఇంట్లో పెద్దవాళ్లూ అంతే సార్. శుక్రవారం ఓడ టపాలో ఇంగ్లండుకు ఆర్డరు పోతుంది. ఏమైనా మార్చుకోవాలంటే ఆలోగా తంతి ఇవ్వండి. తరువాత నా చేతిలో ఉండదు."

*

పాత కారు మరునాడు తెల్లవారి మద్రాసు విడిచింది. రేణిగుంట దాటేదాకా కేశవయ్య కళ్లు మూసుకొని పారాయణ చేశాడు. ఎన్నడూ లేనంత నిరాటంకంగా సాగింది. ముగించి కళ్లు తెరిచేసరికి, తాను కోరుకొన్న నిశ్శబ్దం ఈ పాత కారులోనే, ఏ అద్దమూ లేకుండానే అమరి ఉన్నదని తెలిసి, అతని మనస్సు చివుక్కుమన్నది.

కోడూరు తోటలు వచ్చాయి. ఏటా ఆ తోటల దగ్గర గాబ్రియేలు ఒక బావిని చూపి, దాని యజమాని మామగారితో పడిన తగవును మొదటి నుండి చెప్పేవాడు. ఈసారి ఆ బావి వచ్చింది, పోయింది.

నందలూరు దగ్గర చెయ్యేటి ఒడ్డున ఇంజను కాగి ఆవిరి చిమ్మింది. ఏటిలో ఇసుక తప్ప మరేమీ లేదు. ఇసుకలో తవ్విన చెలమ నుండి గాబ్రియేలు డబ్బాతో నీళ్లు మోసుకొచ్చాడు. కుంటుతూ పోయి, కుంటుతూ వచ్చాడు. మూత మీద తడిగుడ్డ వేసి, ముఖం పక్కకు తిప్పుకొని, ఆవిరి పోయేదాకా ఆగి, కొంచెం కొంచెంగా పోశాడు. కేశవయ్య తుమ్మచెట్టు నీడలో పులిహోర పొట్లం విప్పుకొని ఆ పని అంతా చూశాడు. మిల్లు గేటు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చొనే పని ఒకటి ఉన్నది, గాబ్రియేలుకు ఇవ్వవచ్చు. జీతం తగ్గించనక్కరలేదు. కాలికి విశ్రాంతి. చెప్పే తీరులో చెప్పితే అది దయగానే ఉంటుంది. వాక్యాన్ని మనస్సులో పలుమార్లు సరిచేసుకొన్నాడు.

"గాబ్రియేలూ, నీ కాలు ఎట్లుండాదిప్పుడు?"

"ఉండాది సామీ. ఉండాల్సిన చోటనే ఉండాది."

"అది కాదప్పా. కొత్త కారులో సీటు..."

"కారు మీది సామీ. మీకు తోచినట్ల చేయించుకుంటారు." గాబ్రియేలు మూత బిగించి, చేతులు తువాలుకు తుడుచుకొన్నాడు. ఒక్క క్షణం ఆగాడు. ఇంకేమైనా చెప్పుతాడేమోనని యజమాని వైపు చూశాడు. కేశవయ్య పొట్లం మడవడంలో నిమగ్నుడయ్యాడు.

"పోదామా సామీ? ఎండ ముదురుతాండాది."

సరిచేసి ఉంచుకొన్న వాక్యం కడపదాకా అతనితోనే వచ్చింది.

*

బుధవారం ఉదయం కేశవయ్య భార్య అనసూయమ్మ రంగుల అట్టను కిటికీ వెలుగులో పెట్టుకొని కూర్చొన్నది. అందులోని ముక్కలను ఒక్కొక్కటిగా తన చీర చెంగు పక్కన పెట్టి చూసుకొంటున్నది.

"నలుపు వద్దండీ. మన ఎండకు పెనం మాదిరి కాగుతుంది. ఈ దంతపు తెలుపు చెప్పండి."

"తెలుపు మీద మన దుమ్ము ఆగదా?"

"దుమ్ము ఏ రంగు మీదైనా ఆగుతుంది. మాటకు, ఆ అద్దం ఎందుకంట? మనిద్దరమూ వెనక కూర్చుంటే గాజు బీరువాలో పెట్టిన కొండపల్లి బొమ్మలట్ల ఉంటాము. నేను రోడ్డులో ఎవరినన్నా పలకరించాలంటే?"

"అమ్మ కోసం," అన్నాడు కేశవయ్య. రెండవసారి ఆ మాట మరింత సులభంగా వచ్చింది.

తల్లి రాజ్యలక్ష్మమ్మ దేవుని గది ముందు నడవలో వత్తులు చేస్తున్నది. ఎడమ అరచేతి మీద పత్తిని పరిచి, కుడి అరచేతితో తోస్తే, వత్తి ఒక్కటే సన్నగా జారి పళ్లెంలో పడుతున్నది. కేశవయ్య ఆమె ఎదుట పీట వేసుకొని కూర్చొన్నాడు. కారులోని ఉన్నిగుడ్డను వర్ణించాడు, కాళ్లపీటలను వర్ణించాడు, బల్లను వర్ణించాడు. చివర అద్దం సంగతి చెప్పాడు. ఆమె ఒక్కసారి 'మంచిది నాయనా' అంటే చాలు. అప్పుడు అతడు అన్న మాట అబద్ధం కాకుండా పోతుంది.

"అద్దమెందుకురా?" అన్నది ఆమె.

"నీ మడికేనమ్మా. గాబ్రియేలు ముందర కూసుంటాడు గదా. నడాన అద్దముంటే నీకు ఏ తాకుడూ ఉండదు."

వత్తి చేస్తున్న చెయ్యి ఆగింది. ఆమె కొడుకు ముఖంలోకి చూసింది.

"కారెక్కినాక మడి యాడిదిరా? ఇంట్లో విడిచిపెట్టి ఎక్కితే, అహోబిలంలో దిగి, భవనాశిని ఏట్లో మునిగి, తడిగుడ్డ కట్టుకున్యాకనే గదా మళ్లీ మడి! నడిమిట్లో నేను ఒట్టి ముసిల్దాన్ని. ఎద్దులబండిలో పోయిన దినాల్లో ఏసన్న తోలేవాడు. వాని వీపుకు నా మోకాలు తగల్తావుండె. ఏమాయ? దిగి మునిగితి." పళ్లెంలోని వత్తులను వేళ్లతో సరిచేసింది. "ఇంతలేసి గ్రంథాలు చదివితివి. ఇది తెలీదా నీకు?"

"తెలుసమ్మా."

"తెలిస్తే మల్ల?"

నిజమే, తెలుసు. దుకాణంలో ఆ మాట అన్నప్పుడు కూడా తెలుసు. పిల్లవాడుగా ఉన్నప్పుడు ఆమె తడిచీర కొంగు పట్టుకొని ఆ ఏటి మెట్లు ఎక్కినవాడు తానే.

"ఆ గాజు పెడితే నాకు పొద్దెట్ల పోతుందిరా?" అన్నది ఆమె మళ్లీ పత్తి చేతికి తీసుకొంటూ. "నువ్వు కారెక్కితే కండ్లు మూసుకుంటావు. నాతో మాట్లాడేది వాడొక్కడే."

*

గురువారం పొద్దున గాబ్రియేలు రాలేదు. మైదుకూరులో పని ఉన్నదని, సాయంత్రానికి వస్తానని ఎవరితోనో చెప్పి పంపాడు. కేశవయ్య తంతి ఆఫీసుకు నడిచి వెళ్లి, నల్ల కారు అమరిక వద్దు, పచ్చ కారు అమరికే కావాలి, నడిమి అద్దం అక్కరలేదని మద్రాసుకు తంతి ఇచ్చాడు. గుమాస్తా మాటలు చదివి చూసి, "అద్దం లేని కారా శెట్టిగారూ? దుమ్ము కొట్టదా?" అన్నాడు. "కిటికీలకు ఉంటాయిలేప్పా," అన్నాడు కేశవయ్య. తిరిగి వచ్చేటప్పుడు ఒళ్లు తేలికైనట్లు తోచింది. ఆ సంగతి గాబ్రియేలుకు తానే పోయి చెప్పాలనిపించింది. అది చాలా పెద్ద సంగతిగా, పోయి చెప్పదగినదిగా తోచింది.

పొద్దు వాలుతుండగా క్రైస్తవుల వీధిలో అతడు అడుగు పెట్టడం చూసి, అరుగుల మీద కూర్చొన్నవారు లేచి నిలిచారు. గాబ్రియేలు అప్పుడే బస్సు దిగి వచ్చినట్లున్నాడు. ముఖం కడుక్కొంటున్నవాడు నీళ్లు కారుతున్న ముఖంతోనే ఎదురు వచ్చాడు.

"చెప్పి పంపితే నేనే వస్తును గదా సామీ!"

ఇంటి ముందు నులకమంచం ఉన్నది. కేశవయ్య దానివైపు చూశాడు. చూపు అక్కడ ఒక్క క్షణమే నిలిచింది. గాబ్రియేలు భార్య మార్తమ్మకు ఆ క్షణం చాలింది. లోపలికి పోయి, ఉతికి మడతపెట్టిన తెల్లపంచె ఒకటి తెచ్చి, మంచం మీద ముడత లేకుండా పరిచి, దానికి తన చీర అంచు తగలకుండా వెనక్కు జరిగి నిలబడింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కేశవయ్య ఆ పంచె మీద కూర్చొన్నాడు.

"గాబ్రియేలూ, తంతి ఇచ్చినా. అద్దం వద్దని రాసినా. సీటు జరుగుతుంది. నీ కాలికి ఇబ్బంది లేదు."

గాబ్రియేలు కారుతున్న నీళ్లను ముంజేతితో తుడుచుకొన్నాడు.

"మంచిపని సామీ. వచ్చేవానికి బాగుంటుంది."

"వచ్చేవాడెవడు?"

"మైదుకూరు ఓబులేసన్న లేడా, బస్సుల ఓబులేసన్న. ఆయప్పకు మాట ఇచ్చి వచ్చినా. సోమవారం నుంచి రమ్మన్యాడు. బస్సులో కాలికి కావాల్సినంత చోటుంటుంది."

"నాతో ఒక్క మాట చెప్పకుండానా?"

"మీరే చెప్తారేమో అని చూసినా సామీ. దావ పొడుగునా చూసినా." గొంతులో నిష్ఠూరం లేదు. తెలిసిన దారిని చెప్పినట్లు చెప్పాడు. "చెయ్యేటి కాడ చెప్తారనుకున్యా."

"నేను ఓబులేసుతో మాట్లాడతాలే."

"వద్దు సామీ. కాలు మాట అట్ల పెట్టండి. కాలుదేముంది, అడ్డమైతే ఇంకొకచోట పెట్టుకుంటా." ఇక్కడ గాబ్రియేలు భార్య వైపు ఒకసారి చూసి తల వంచుకొన్నాడు. "పెద్దమ్మను ఎన్ని ఊర్లు తిప్పింటా నేను! ఆయమ్మ నాతో మాట్లాడినంత మా అమ్మ మాట్లాడలేదు. ఇన్నేండ్లు ఆయమ్మ మనసులో నేను కూసున్న కారు మైల అనే ఉండెనా అని, అదొక్కటే సామీ. అన్నం కాడ కూసుంటే అదే గుర్తొస్తాంది."

ఇప్పుడు చెప్పవలసిన మాట చాలా చిన్నది. 'అమ్మ అనలేదు, నేనన్నాను.' కేశవయ్య దానికై నోరు తెరిచాడు. వీధిలో నిలబడినవారు చూస్తున్నారు. మార్తమ్మ చూస్తున్నది. ఊరిలో పురాణకాలక్షేపాలకు తనను ముందు వరుసలో కూర్చోబెడతారు.

"అమ్మది పాతకాలపు మనసు గదా," అన్నాడు. "నేను నచ్చజెప్పినా. ఇప్పుడు ఒప్పుకొనింది."

"ఒప్పుకొనిందా," అన్నాడు గాబ్రియేలు. తల ఊపాడు. "పాపం, ముసలామెను కష్టపెట్టినట్లయింది. శనివారం అహోబిలం పోవాల గదా? నేనే తీసకపోతా. అదొక్కటి చేసి పోతా."

కేశవయ్య లేచాడు. వీధి మలుపు తిరిగే చోట వెనక్కు చూస్తే, మార్తమ్మ ఆ పంచెను దులిపి, నాలుగు కొసలు కలిపి మడుస్తున్నది. తాను దాని మీదనే కూర్చొని, ఆలోచనైనా లేకుండా కూర్చొని, అద్దం తీసేయించానని చెప్పి వచ్చినట్లు అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం సంధ్యావందనంలో అతడు మంత్రం మరచిపోయి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది.

*

శనివారం కారు కడప విడిచిన కొంతసేపటికే రాజ్యలక్ష్మమ్మ మాట కలిపింది.

"ఏమబ్బీ, మార్తమ్మ నడుమునొప్పి ఎట్లుండాది?"

"తగ్గిందమ్మా."

"నేనిచ్చిన తైలం పూసినారా, లేక అటక మీద పెట్టినారా?"

"పూసినామమ్మా."

"మీ దొడ్లో మునగచెట్టు?"

"ఉందమ్మా."

ఆమె కొడుకు వైపు తిరిగి, "వీనికేమయిందిరా? ఒక్కొక్క మాటా తూకమేసి ఇస్తాండాడు," అన్నది. కేశవయ్య గ్రంథం తెరిచి చేతిలో పట్టుకొని ఉన్నాడు. చాలాసేపటి నుండి పుట తిప్పలేదు.

మైదుకూరులో ఇంజనుకు నీళ్లు పోయడానికి ఆపారు. పక్కనే బస్సు నిలిచి ఉన్నది. దాని కండక్టరు టిక్కెట్ల సంచి ఊపుకొంటూ వచ్చి, "ఏమన్నా! సోమవారం నుంచి మా బండే గదా! శెట్టి కారు మెత్తంగా ఉంటాదని మల్ల ఆడనే పండుకుంటావేమో!" అని గాబ్రియేలు వీపు మీద చరిచి పోయాడు.

కారు మళ్లీ కదిలింది. ఊరు దాటింది. కుడిచేతివైపు కొండలు నీలంగా, అంచులు ఎండకు కరిగినట్లు కనబడుతున్నాయి. రోడ్డుకు రెండు పక్కల దున్ని వాన కోసం విడిచిన ఎర్రటి చేలు.

"సోమవారం నుంచి ఏందిరా అబ్బీ?" అన్నది రాజ్యలక్ష్మమ్మ.

"ఓబులేసన్న బస్సుకు పోతాండానమ్మా."

"ఎందుకు?"

గాబ్రియేలు గేరు మార్చాడు. మార్చవలసినంత ఎత్తు ఆ రోడ్డులో లేదు. "కాలు గదమ్మా. కొత్త కారులో పట్టదు."

"ఎందుకు పట్టదు? ఆ అద్దం నాకెందుకు, వద్దురా అని బుధవారం నాడే చెప్తి గదా! వీడు తంతి ఇచ్చి తీసేయించినాడు గదా!"

ఎదుటి చిన్న అద్దంలో గాబ్రియేలు కళ్లు ఒక్కసారి పైకి లేచాయి. అవి మొదట ఆమె ముఖం మీద, తరువాత కేశవయ్య ముఖం మీద నిలిచాయి. వెంటనే రోడ్డు మీదికి దిగాయి. అతడు ఏమీ అడగలేదు. అడగనూ అడగడు. సోమవారం బస్సు ఎక్కి పోతాడు. ఇప్పుడు ఊరకుంటే ఈ ముసలామెకు ఎన్నటికీ తెలియదు. కేశవయ్యకు ఇదంతా ఒక్కమారుగా కనబడింది. ఊరకుండడం ఎంత సులభమో కూడా కనబడింది. గ్రంథం మూశాడు.

"గాబ్రియేలూ."

"సామీ."

"మడి మాట అమ్మ అనలేదు. అద్దం అడిగినది ఆయమ్మ కాదు. మద్రాసులో అది నా నోట్లోనుంచి వచ్చిన మాట. అద్దం నాకే కావాల్సి ఉండె. నీ కాలు పట్టదని చూసినాక కూడా కావాల్సి ఉండె." గ్రంథాన్ని పక్కన పెట్టి మళ్లీ అన్నాడు. "మొన్న మీ ఇంటి ముందర చెప్పింది కూడా అబద్ధమే."

"మొన్న ఏం చెప్పినావు?" అన్నది తల్లి.

గాబ్రియేలు, "పోనీండమ్మా," అన్నాడు.

"నిన్నడగలేదు అబ్బీ. కేశవా, ఏం చెప్పినావు?"

"నీ మనసు పాతకాలపుదనీ, గాబ్రియేలు మైల అని నువ్వనుకుంటాంటే నేను నచ్చజెప్పినాననీ చెప్పినా."

రాజ్యలక్ష్మమ్మ కొంతదూరం రోడ్డు వైపే చూస్తూ కూర్చొన్నది. తరువాత చెయ్యి చాచి ముందు సీటు వీపు మీద తట్టింది.

"కారు ఆపు అబ్బీ."

ఆపాడు. ఏదో అవసరమనుకొని గాబ్రియేలు దిగి వచ్చి ఆమె వైపు తలుపు తీశాడు. ఆమె నేల మీద కాలు మోపి, నడుము పట్టుకొని నిలబడి, కొంగు భుజం చుట్టూ కప్పుకొన్నది. కేశవయ్య అవతలి తలుపు తీసుకొని పరుగున చుట్టి వచ్చి చెయ్యి అందించబోయాడు.

"నువ్వు కూసోపో," అన్నది. కోపంగా అనలేదు.

కారు అంచు పట్టుకొని రెండడుగులు వేసి, ముందు తలుపు తానే తీసింది. గాబ్రియేలు ఏం జరుగుతున్నదో గ్రహించి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"పెద్దమ్మా, వద్దు. ముందర ఊర్లు వస్తాయి. చాగలమర్రి వస్తాది, ఆళ్లగడ్డ వస్తాది. జనం చూస్తారు."

"నా మొగం వాళ్లకు కొత్తా? ఎక్కు. పొద్దు పోతాంది." ఆమె ముందు సీటులో కూర్చొని, చీర కుచ్చెళ్లు మోకాళ్లకిందికి సర్దుకొని, తలుపు లాగింది. అది సరిగా పడలేదు. మళ్లీ తెరిచి గట్టిగా లాగింది. "సోమవారం పోతాండావు. నాకున్నది ఈ ఒక్క దావే. చెప్పాల్సినవి శానా ఉండాయి."

గాబ్రియేలు రోడ్డు మీద కొంతసేపు నిలబడి, తువాలుతో ముఖం తుడుచుకొన్నాడు. ఎక్కాడు. కారు సాగింది.

వెనుక సీటు మొత్తం కేశవయ్యదే. ఒక పక్క తల్లి కూర్చొన్న చోట ఆమె చేతిసంచి మాత్రం ఉన్నది. కిటికీలన్నీ తెరిచి ఉండడంతో గాలి హోరుమని కొట్టుకొని వస్తున్నది. ముందర ఆమె తల గాబ్రియేలు వైపు తిరిగింది. చెయ్యి ఎత్తి కొండల వైపు దేనినో చూపింది. గాబ్రియేలు మొదట తల మాత్రమే ఊపాడు. కొంతదూరం పోయాక ఏదో బదులు చెప్పాడు. ఆమె ఇంకేదో అన్నది. రోడ్డు కొండల వైపుకు మలుపు తిరిగే చోట గాబ్రియేలు భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏమో తెలియలేదు.

కేశవయ్య సీటు అంచుకు జరిగాడు. ముందు సీటు వీపును రెండు చేతులా పట్టుకొని, ముఖం దగ్గరగా వంచి, వారేమి మాట్లాడుకొంటున్నారో వినడానికి ప్రయత్నించాడు. గాలి హోరులో ఒక్క మాటా అందలేదు. ఇద్దరిలో ఎవరూ వెనక్కు తిరగలేదు.